పై చిరునామాయే

కనకరాజు కూతుర్ని కొట్టేటప్పుడు ఫోను స్పీకరు పెట్టి కొట్టేవాడు.

తాగి చేసే పనైతే ఊరికి అర్థమయ్యేది. తాగినవాడు కొడతాడు, పడిపోతాడు, తెల్లారి ఏడుస్తాడు, అందరూ వాడి కర్మ అనుకుని వదిలేస్తారు. కనకరాజు కల్లు కూడా ముట్టని మనిషి. శుక్రవారం మధ్యాహ్నం కొబ్బరి దింపు ముగించుకుని ఇంటికొచ్చి, కాలవలో స్నానం చేసి, కడుపునిండా తిని, ఉతికిన లుంగీ కట్టుకుని, అప్పుడు కువైట్‌లో ఉన్న పెళ్లానికి మిస్డ్‌కాల్ ఇచ్చేవాడు. శుక్రవారం అక్కడ సెలవు. నూకరత్నం వెంటనే తిరిగి చేసేది. ఆమె గొంతు వినబడగానే ఫోనుని గూట్లో దేవుడి పటం పక్కన నిలబెట్టి, తొమ్మిదేళ్ల పద్మశ్రీని పిలిచేవాడు. "ఇలా రామ్మా" అని ముద్దుగానే పిలిచేవాడు. మర్యాదకి పెట్టింది పేరు కదా కోనసీమ, చావగొట్టేవాడికి కూడా నోటి వెంట మర్యాద తప్పదు.

"మొన్న నేను చేస్తే ఎందుకు ఎత్తలేదు?" అని ఫోనుని అడిగేవాడు. అవతల నుంచి ఏదో జవాబు వచ్చేది. ఏ జవాబైనా ఒకటే, మోకు దెబ్బ పిల్ల వీపు మీద పడేది. చెట్టెక్కేటప్పుడు నడుముకి చుట్టుకునే తాడు అది. మనిషి బరువు మోసే తాడు. నూకరత్నం భరించలేక ఫోను పెట్టేస్తే దెబ్బలు రెట్టింపయ్యేవి. అందుకని ఆమె పెట్టేసేది కాదు. తను పనిచేసే సేఠు ఇంట్లో వంటగది మూల కూర్చుని, నోట్లో చీర కొంగు కుక్కుకుని, కూతురి అరుపులు చివరిదాకా వినేది.

ఆమె అక్కడ ఎవడితోనో ఉంటోందని అతని అనుమానం. సాక్ష్యమేమిటంటే ఫోను ఎత్తకపోవడం. ఇంతకీ ఆమెని పంపినవాడు తనే. వద్దు మొర్రో అంటున్నా పాస్‌పోర్టు ఫారం మీద దగ్గరుండి సంతకం పెట్టించినవాడూ తనే.

రెండు వేల ఎనిమిదో సంవత్సరం నాటి మాట ఇది. అప్పటికి రాజోలు బస్టాండు ఎదురు సందులో కనకరాజు అక్క వీరవేణి ఇంటర్నెట్ సెంటరు నడుపుతోంది. భర్త దుర్గారావు మస్కట్‌లో డ్రైవరు. అతను పంపిన దాంతో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, మెడ వంగిపోయిన ఒక వెబ్‌కెమెరా, కరెంటు పోతే కీచుమని అరిచే బరువైన ఒక యూపీఎస్ పెట్టుకుంది. గల్ఫ్‌కి వెళ్లేవాళ్ల పాస్‌పోర్టు ఫారాలూ వీసా ఫారాలూ నింపడం ఆమె పని. అంతర్వేది నుంచి మలికిపురం దాకా ఏ ఇంటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా వీరవేణి దగ్గరికే తెచ్చేవారు.

మరదలు ఫోనులో ఏడుస్తూ చెప్పిన సంగతి వీరవేణి మొదట నమ్మలేదు. తల్లి పోయాక కనకరాజుని పెంచింది ఆమే. తండ్రి ఇదే మోకుతో తమ్ముణ్ణి బాదబోతే తన వీపు అడ్డం పెట్టేది. చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లేది. వాడు ఆమె చూపుడువేలు గట్టిగా పట్టుకుని నడిచేవాడు. అలాంటివాడు పిల్లని కొడతాడంటే ఏ అక్క నమ్ముతుంది? దూరాన ఉంది, బెంగ మీద అతిగా చెబుతోంది అనుకుంది.

ఒక శుక్రవారం జున్ను గిన్నె పట్టుకుని చెప్పకుండా వెళ్లింది. అంతర్వేది దారిలో కాలవ గట్టు మీద వాళ్ల ఇల్లు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి పద్మశ్రీ గోడ పట్టుకుని నిలబడి ఉంది. గౌను వీపు మీద చిరిగి, చిరిగినచోట ఎర్రగా తడిసి ఉంది. కనకరాజు మోకు చుట్ట సవరించుకుంటున్నాడు. గూట్లో ఫోను ఏడుస్తోంది.

"రా అక్కా, కూర్చో. ఇప్పుడే అయిపోద్ది" అన్నాడు.

ఆమె చేతిలోంచి గిన్నె జారింది. పరుగున వెళ్లి వాడి చెయ్యి పట్టుకుంది. అతను కోపగించుకోలేదు. ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, పక్కకి జరిపి, పిల్లని ఇంకో రెండు కొట్టాడు. రెండో దెబ్బకి పద్మశ్రీ మోకాళ్ల మీద పడి వాంతి చేసుకుంది.

"ఇవి నీ వాటా అక్కా. నువ్వు అడ్డం వస్తే దానికే ఎక్కువ పడతాయి. తెలిసింది కదా, ఇంకెప్పుడూ రాకు" అన్నాడు.

నేల మీద జున్ను ముక్కలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పిల్ల ఏడుపు ఆపేసి మేనత్త వైపు చూసింది. వెళ్లిపొమ్మని చూసింది. వీరవేణి గిన్నె కూడా తీసుకోకుండా బయటికి వచ్చేసింది.

ఊళ్లో పెద్దాయన సత్యనారాయణమూర్తి గారికి చెప్పింది. ఆయన కనకరాజుని పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టి నీతులు చెప్పారు. "ఆయ్, తప్పేనండి. ఇక మీదట అలా జరగదండి" అని కనకరాజు చేతులు కట్టుకుని ఒప్పుకున్నాడు. ఎంత అణకువ అని పెద్దాయన మెచ్చుకున్నారు కూడా. ఆ వచ్చిన శుక్రవారమే పద్మశ్రీ ఎడమచేతి చిటికెన వేలు విరిగింది. తలుపులో పడి నలిగిందని బడిలో చెప్పమన్నాడు, పిల్ల అలాగే చెప్పింది.

పోలీసుల దగ్గరికీ వెళ్లింది వీరవేణి. అక్కడున్నతను టీ తాగుతూ విన్నాడు.

"తండ్రి కదమ్మా. తండ్రి దగ్గర్నించి పిల్లని తీసుకొచ్చి ఎవరికిమ్మంటారు? తల్లేమో దేశంలో లేదాయె. మీకివ్వాలంటే మీ దగ్గర కాగితం ఉండాలి కదండీ. కాగితం ఉందా?"

కాగితం లేదు. ఊరంతటికీ కాగితాలు నింపే మనిషి దగ్గర తనకి కావలసిన కాగితం లేదు. ఆ రోజు సెంటరుకి వచ్చి, గిరాకీలని పంపేసి, కంప్యూటరు ముందు కూర్చుని వెతకడం మొదలుపెట్టింది. తెలిసిన ఇంగ్లీషు మాటలన్నీ కొట్టి చూసింది. చివరికి పిల్లల హక్కుల కోసం పనిచేసే ఏదో సంస్థవాళ్ల పేజీ దొరికింది. అడిగిన ప్రశ్నలకి జవాబులు నింపుతూ పోతే కోర్టు భాషలో అర్జీ దానంతటదే తయారవుతుంది. తల్లి పరాయి దేశంలో ఉంటే, బిడ్డని చూసుకునే హక్కు ఫలానా మనిషికి ఇమ్మని ఆ తల్లే అడుగుతున్నట్టుగా. తమ వకీళ్లు సరిచూసి, ముద్ర వేసిన ప్రతిని పోస్టులో పంపుతారట. దాన్ని జిల్లాలో పిల్లల కమిటీ ముందు పెడితే చాలునట.

నూకరత్నం చదివి ఒప్పుకోవాలి కదా. ఫోనులో ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పి అడిగింది. వేలు ఎలా విరిగిందో, ఆ శుక్రవారం ఫోనులో తను విన్నదంతా నూకరత్నం చెప్పింది.

"మీరెలా రాస్తే అలాగే వదినా. నాకు పిల్ల బతికుంటే చాలు" అంది నూకరత్నం.

పద్మశ్రీని బడి నుంచి నేరుగా సెంటరుకి తీసుకొచ్చి, తలుపు వేసి, గౌను పైకెత్తించి, వెబ్‌కెమెరాతో వీపు ఫొటోలు తీసింది. పిల్ల గోడ వైపు తిరిగి నిలబడింది. ఎందుకని అడగలేదు. పెద్దవాళ్లు ఏం చేయమంటే అది చేయడం ఆ పిల్లకి బాగా అలవాటైపోయింది.

ఇక ఫారం నింపడం వీరవేణికి నీళ్లు తాగినంత పని. అర్జీదారు పేరు నూకరత్నం. భర్త పేరు కనకరాజు. శాశ్వత చిరునామా, కాలవ గట్టు ఇల్లు. గల్ఫ్ ఆడవాళ్ల ఫారాలన్నిటికీ అదే వరస, భర్త పేరు, భర్త ఇల్లు. ఆ కింద ఇంకో గడి ఉంది, ఉత్తరాలు చేరవలసిన చిరునామా అని. దాని పక్కన చిన్న పెట్టె, పై చిరునామాయే అని. ఎన్ని వందల ఫారాల్లో నొక్కిందో ఆ పెట్టెని. చెయ్యి తనంతట తానే వెళ్లి నొక్కేసింది. బుర్రకి ఆ సంగతి తెలియను కూడా తెలియలేదు.

తరవాత సంరక్షకురాలి గురించి, అంటే తన గురించే, ప్రశ్నలు వచ్చాయి. ఈమె ఎప్పుడైనా బిడ్డ ఎదుట ఎవరినైనా కొట్టిందా, గాయపరిచిందా? పక్కన అవును, లేదు అని రెండు గుండ్రాలు. వీరవేణికి నవ్వొచ్చింది. కోడిని కోయడానికి కూడా పక్కింటావిణ్ణి పిలిచే మనిషిని పట్టుకుని ఇదా అడగడం అనుకుని, లేదు అన్నదాని మీద నొక్కింది. చివర ఖాళీగా పెద్ద పెట్టె ఉంది, బిడ్డ తన మాటల్లో చెప్పేది అని. పద్మశ్రీ పక్కనే స్టూలు మీద కూర్చుని బిస్కట్టు తింటోంది. ఆ పిల్లని అడగాలన్న ఊహే వీరవేణికి రాలేదు. వీసా అర్జీల్లో రాసే నిండైన ఇంగ్లీషులో, మా మేనత్త ఆప్యాయతగల సంరక్షణలో ఉండుటకు సవినయంగా కోరుకుంటున్నాను అనే అర్థం వచ్చేలా తనే బనాయించి రాసేసింది. బాగా కుదిరిందని మురిసిపోయింది కూడా.

పంపించు అని ఉన్న బొత్తాం నొక్కింది. ఆ సాయంత్రం పిల్లని మళ్లీ ఆ ఇంటి గుమ్మంలోనే దింపి రావలసి వచ్చింది. కాగితం వచ్చేదాకా వేరే దారి లేదు.

కాగితం వచ్చింది. పోస్టుమేన్ పేరు చూశాడు. కనకరాజు భార్య నూకరత్నం. ఆమె పేరున వచ్చే ప్రతి ఉత్తరమూ ఇచ్చినట్టే కనకరాజు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కరెంటు కోత. యూపీఎస్ కీచుమంటోంది. గిరాకీలు విసుక్కుని వెళ్లిపోయారు. వీరవేణి యూపీఎస్ ఆపేద్దామని బల్ల కిందికి వంగి, పైకి లేచేసరికి గుమ్మంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో పద్మశ్రీ జబ్బ పట్టుకున్నాడు. రెండో చేతిలో మందపాటి కవరు. నడుముకి కొబ్బరి గెలలు నరికే కత్తి.

"ఇంగ్లీషు కాగితం వచ్చింది అక్కా. చదివి చెప్తావని వచ్చేను" అన్నాడు. లోపలికి వచ్చి, వెనక్కి తిరిగి, షట్టరు సగానికి కిందికి లాగాడు.

కవరు మీద పేరు చూడగానే వీరవేణికి పెట్టె నొక్కిన సంగతి గుర్తొచ్చింది. పై చిరునామాయే. నా చేతులు విరిగిపోనూ, పిల్లని నేనే పట్టిచ్చేను అనుకుంది.

"కువైట్ బీమా కాగితంలా ఉందిరా" అంది.

"అలాగా" అని కనకరాజు నెమ్మదిగా కాగితం తిప్పాడు. వెనక పుటలో నలుపూ తెలుపులో పద్మశ్రీ వీపు. వాతలన్నీ స్పష్టంగా అచ్చయి ఉన్నాయి. "ఇదీ బీమాయేనా అక్కా?"

అతను జేబులోంచి ఫోను తీసి, మిస్డ్‌కాల్ ఇచ్చి, కీబోర్డు పక్కన పెట్టాడు. క్షణంలో మోగింది. స్పీకరు నొక్కాడు.

"ఏమండీ" అంది నూకరత్నం.

"మీ వదిన కొట్లో ఉన్నాం. నువ్వు నా మీద రాయించిన కాగితం చదివి వినిపిస్తాది. నువ్వూ విను" అని, వీరవేణి వైపు తిరిగాడు. "చదువక్కా. తెలుగులో చెప్పు."

ఆమె చదవనంది. అతను పద్మశ్రీ చెంప మీద కొట్టాడు. పిల్ల తల ప్రింటరుకి తగిలి టప్‌మని మోగింది. నుదురు చిట్లి, నెత్తురు కనుబొమ మీదుగా కంట్లోకి దిగింది. వీరవేణి చదవడం మొదలుపెట్టింది. బిడ్డ తండ్రి అయిన కనకరాజు, అని చదివింది. ఇంకో దెబ్బ పడింది. బిడ్డని తరచుగా తాడుతో, అని చదివింది. పొట్టలో తన్నాడు. పిల్ల రెండు ముక్కలుగా మడతపడినట్టు వంగిపోయింది. బిడ్డ చిటికెన వేలు విరిచాడు, అని చదివింది. ఆగితే ఆగినందుకు కొట్టాడు, చదివితే చదివినందుకు కొట్టాడు. ఫోనులోంచి నూకరత్నం ఆపండి, ఆపండి, నేను వచ్చేస్తాను, రేపే వచ్చేస్తాను అంటోంది. పాస్‌పోర్టు సేఠు బీరువాలో ఉండగా ఎలా వస్తుంది? ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"ఈ వేలు తలుపులో పడిందని కదమ్మా చెప్పమన్నాను. మీ అత్తకి ఇంకోలా చెప్పేవు" అన్నాడు కనకరాజు కూతురితో. కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని మీద పద్మశ్రీ ఎడమ చెయ్యి పెట్టి, మణికట్టు దగ్గర తన మోచేత్తో నొక్కిపట్టాడు. నడుము నుంచి కత్తి తీశాడు. గెలని ఒక్క వేటుకి నరికే కత్తి.

"రత్నం, ఏ వేలు? నువ్వే చెప్పు. చెప్పకపోతే ఏది నరకాలో నా ఇష్టం."

ఫోనులోంచి మనిషిది కాని అరుపు ఒకటి వచ్చింది. పద్మశ్రీ మాత్రం అరవలేదు. కళ్లు మూసుకుని, చిటికెన వేలు లోపలికి ముడుచుకోవాలని చూస్తోంది. విరిగి అతికిన వేలు, ముడుచుకోవడం లేదు.

అది చూసింది వీరవేణి. తరవాత ఆమె ఏమీ ఆలోచించలేదు. బల్ల కింద నుంచి యూపీఎస్‌ని తీగలతో సహా ఊడబెరికి, రెండు చేతులా ఎత్తి, కత్తి పట్టుకున్న చేతి మీద దించింది. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినబడింది. కత్తి కింద పడింది. కనకరాజు పద్మశ్రీని వదిలేసి ఆ చేతిని బల్ల మీదే పట్టుకుని వంగిపోయాడు.

కత్తి పడిపోయింది, పిల్ల విడిపోయింది, అక్కడితో ఆపవచ్చు. వీరవేణి ఆపలేదు. మళ్లీ ఎత్తింది, మళ్లీ అదే చేతి మీద దించింది. "అక్కా" అన్నాడు కనకరాజు. చిన్నప్పుడు చీకట్లో భయపడి పిలిచినట్టే పిలిచాడు. ఆమె మళ్లీ దించింది. వేళ్లు బల్లకి అతుక్కుపోయినట్టయ్యాయి. తన చూపుడువేలు పట్టుకుని నడిచిన వేళ్లవి, ఆ సంగతి తెలిసే కొట్టింది. లోపల ఎక్కడో సంతోషంగా ఉంది. ఎవరికీ చెప్పుకోకూడని సంతోషం, గొంతుదాకా నిండిపోయింది. యూపీఎస్ పెంకు పగిలి లోపలి బ్యాటరీ బయటికి వచ్చి, చేతుల్లోంచి జారి కిందపడేదాకా కొట్టింది.

ఫోనులోంచి నూకరత్నం ఏడుస్తూనే ఉంది. "పద్మా, పద్మా, ఎవరు వదినా అరిచింది? పద్మేనా?"

వీరవేణి ఫోను తీసుకుంది. "కాదు. ఈసారి నీ మొగుడు" అంది.

అవతల ఏడుపు ఆగింది. తరవాత "ఇంకోసారి వినిపించండి వదినా" అంది నూకరత్నం.

బస్టాండు దగ్గర ఆటోవాళ్లు వచ్చి కనకరాజుని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లారు. మణికట్టూ వేళ్లూ నుజ్జయిపోయాయి, ఇక చెట్టెక్కడం కలలో మాట అన్నారు డాక్టర్లు. ఆడమనిషి చేతిలో, అదీ సొంత అక్క చేతిలో దెబ్బలు తిన్నానని చెప్పుకోవడం అతనికి నామోషీ. కొబ్బరి గెల చేతి మీద పడిందన్నాడు. పోలీసులూ అదే రాసుకున్నారు, ఆటోవాళ్లు కల్పించుకోలేదు, ఊరూ అదే నమ్మింది. ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లిన వాళ్లతో మాత్రం ఒక మాట చెప్పి పంపాడు. మా అక్కకి చెప్పండి, కట్టు విప్పగానే వచ్చి పిల్లని తీసుకెళ్తాను, ఎడమ చెయ్యి ఉంది కదా అని.

అందుకని మళ్లీ కాగితం కావాలి. పాతది నెత్తుటితో అట్టకట్టుకుపోయింది, దాన్ని ఏ కమిటీ ముందూ పెట్టలేరు. ఒక ఉదయం వీరవేణి సెంటరు తెరిచి, కొత్త యూపీఎస్ బిగించుకుని, ఆ పేజీ తీసింది. పద్మశ్రీ నుదుటికి కట్టుతో గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. ఇదివరకైతే స్టూలు ఆమెకి ఆనించి వేసుకునేది. ఇప్పుడు అంత దూరంలో వేసుకుంది.

ఉక్కగా ఉందని వీరవేణి ఫాను స్విచ్చు కోసం చెయ్యి పైకెత్తింది. పద్మశ్రీ రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని, మోకాళ్లలో మొహం దాచుకుంది.

వీరవేణి చెయ్యి గాల్లోనే ఆగింది. మెల్లగా దించుకుంది. ఫాను వెయ్యలేదు. తనని చూసి పిల్ల వణుకుతోంది, ఇంతకన్నా చావు మేలనిపించింది. కంప్యూటరు వైపు తిరిగింది.

ఈసారి పై చిరునామాయే అన్న పెట్టె జోలికి పోలేదు. ఉత్తరాలు చేరవలసిన చిరునామా అన్న గడిలో తన కొట్టు చిరునామా అక్షరం అక్షరం కొట్టి, చదువుకుని, ఇంకోసారి చదువుకుంది. తరవాత ఆ ప్రశ్న వచ్చింది. ఈమె ఎప్పుడైనా బిడ్డ ఎదుట ఎవరినైనా కొట్టిందా, గాయపరిచిందా? అవునంటే పిల్లని తనకి ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే ఏ హోములోనో వేస్తారు, లేదంటే వాడు ఎడమచేత్తో వచ్చి పట్టుకెళ్తాడు. ఎవరికి తెలుస్తుంది? వాడే గెల పడిందన్నాడు. లేదు అన్నదాని మీద నొక్కింది.

చివర పెద్ద పెట్టె వచ్చింది. బిడ్డ తన మాటల్లో చెప్పేది. పోయినసారి రాసిన నిండైన ఇంగ్లీషు గుర్తుంది, వేళ్లు కీల మీదికి వెళ్లాయి కూడా. కానీ వెనక స్టూలు మీద పిల్ల ఊపిరి వినబడుతోంది. ఎందుకో తిరిగి చూసింది.

"పద్మా, ఇక్కడ నువ్వు చెప్పిందే రాయాలట. ఏం రాయమంటావు?"

ఇంతవరకూ ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు, అడిగిన వాళ్లంతా ఏం చెప్పాలో ముందే చెప్పి అడిగినవాళ్లే.

"నిజం చెప్పొచ్చా?" అంది.

"చెప్పమ్మా."

"నాన్న నన్ను తాడుతో కొట్టేవోడు. అమ్మకి వినబడేలాగ కొట్టేవోడు. నేను అరవకపోతే అమ్మకి వినబళ్లేదని మళ్లీ కొట్టేవోడు."

వీరవేణి ఇంగ్లీషులోకి మార్చలేదు. మార్చితే తన మాటలవుతాయి. గల్ఫ్ వాళ్లు చాటింగులో కొట్టినట్టు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగే కొట్టుకుంటూ పోయింది. చదువుకున్నవాళ్లు కదా, చచ్చినట్టు కూడబలుక్కుని చదువుకుంటారు.

"అత్త నాన్న చేతిని కొట్టింది. కత్తి కింద పడిపోయాక కూడా కొట్టింది. నాన్న అక్కా అన్నాడు. అయినా కొట్టింది."

వీరవేణి వేళ్లు ఆగాయి. వెనక్కి తిరగలేదు. మళ్లీ కొట్టింది, పిల్ల చెప్పింది చెప్పినట్టు.

"అత్తా, నన్ను కూడా కొడతావా?"

"కొట్టనమ్మా. ఎప్పుడూ కొట్టను."

"నాన్న కూడా అలాగే అనేవోడు."

బయట బస్టాండులో అమలాపురం బస్సు కదులుతోంది, కండక్టరు ఎవరినో కేకేస్తున్నాడు. కాసేపటికి స్టూలు జరిగిన చప్పుడయింది. దగ్గరికి కాదు, తెర మీద అక్షరాలు కనబడేంత మేరకే.

"అది కూడా రాయి" అంది పద్మశ్రీ.

వీరవేణి అది కూడా రాసింది. తరవాత పేజీని పైకి జరిపి, లేదు మీద ఉన్న చుక్కని అవును మీదికి మార్చి, పంపించు అన్న బొత్తాం నొక్కింది.